కిటికీలోంచి వేసిన తువ్వాలు

ధర్మవరంలో రైలెక్కినప్పటి నుంచీ నా కాళ్లలో వణుకు ఆగలేదు. పోతున్నది కోయంబత్తూరుకు, ఇక అక్కడే బతకడానికి. ఆ ఊరి భాష రాదు. తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

పెనుకొండ దాటాక పక్కన కూర్చున్న ముసలాయన నా వైపు తిరిగాడు. "ఏమప్పా, జరమొచ్చిండాదా?" అన్నాడు.

"లేదు తాతా. భయమైతాండాది."

హిందూపురం రాగానే ఆయన దిగిపోయాడు. ఈ స్టేషన్ దాటితే బోర్డుల మీద తెలుగు కూడా కనిపించదని గుర్తొచ్చి, నేనూ సంచి తీసుకుని తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. జనం నన్ను తోసుకుంటూ ఎక్కుతున్నారు.

ప్లాట్‌ఫాం మీద నుంచి ముసలాయన నన్ను చూశాడు. కిటికీ దగ్గరికి వెళ్లి, భుజం మీది తువ్వాలు తీసి లోపల నా సీటు మీద వేశాడు.

"దిగితే దిగప్పా, ఎవురేమీ అనరు. బండి కదిలేదాకా నీ సీటు నేను చూస్తాంటా."

బండి కదిలేసరికి నేను ఆ సీట్లోనే ఉన్నాను. తువ్వాలు ఇవ్వబోతే ఆయన చెయ్యి అందలేదు.

భయం నాతోనే వచ్చింది. కోయంబత్తూరులో, నేనుండబోయే గదిలో ఒకతను ఇదే నీ మంచమని చూపించినప్పుడు, భుజాన ఉన్న సంచి దించకముందే మంచం మీద ఆ తువ్వాలు వేశాను.