ఒక్క సీటు విమానం

పార్సిల్‌లో తెప్పించుకున్న భాగాలతో రెండేళ్లుగా మా పెరట్లో ఒక చిన్న విమానం కడుతున్నాను. దాని రెక్కలకు గుడ్డ కుట్టిపెట్టిన దర్జీ రసూల్ ఈ సాయంత్రం తన ముసలి తల్లిని రిక్షాలో తీసుకొచ్చాడు. ఆమె రెక్కను నిమిరి, "సారూ, గిది మక్కా దాక పోతదా? ఓడల అన్ని దినాలు నాతోని కాదు," అంది.

"గిండ్ల ఒక్కరికే జాగ ఉన్నది, అమ్మీ," అన్నాను, ఎలాగైనా తప్పించుకోవాలని.

"పొయ్యేది నేనొక్కదాన్నే గదా! నడుపుడు నేర్పుండ్రి."

రసూల్ తల దించుకున్నాడు. ఇంజను ఇంకా రానేలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇద్దరం ఆమెను ఎత్తి సీట్లో కూర్చోబెట్టాం. తల మీదికి కొంగు లాక్కుని, కళ్లు మూసుకుని, ఏదో దువా చదువుకుంటూ చాలాసేపు కూర్చుంది. దిగుతూ, "ఎన్నడు పోవాలె?" అని అడిగింది.

"జర ఆగుండ్రి," అన్నాను. మీరైతే ఏమనేవారు?