నర్సయ్య గ్లాసు మీద గీత

సిద్దిపేట జిల్లా కేంద్రమైన తర్వాత వచ్చిన రెండో ఎండాకాలంలో, ఊరి చివరి ట్రస్టు దవాఖాన ఒకటి నాకు పని అప్పగించింది. డయాలసిస్ రోగులకు ఇచ్చే స్టీలు గ్లాసుల మీద వాళ్ల పేర్లు వేయాలి. నీళ్లు ఎంతవరకు పోసుకోవాలో చూపించే గీత కూడా వేయాలి. అప్పటికి నేను రేడియం షాపు పెట్టి చాలా ఏళ్లయింది. జనం రేడియం అంటారు గానీ నిజానికి అది వినైల్, వెనక జిగురున్న సన్నటి ప్లాస్టిక్ పొర. బండ్ల నంబరు ప్లేట్లు, ఆటోల వెనక రాతలు, దుకాణాల అద్దాల మీది అక్షరాలు అన్నీ దానితోనే చేస్తాం. మొదట కుంచె పట్టినవాణ్ణి, తర్వాత కటింగ్ మిషన్ కొన్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఉస్తాద్ అనేవారు, ఊళ్లో మిగతావాళ్లందరికీ ఖాజా భాయ్‌ని. ముడతపడిన స్టిక్కర్ కనబడితే నాకు అన్నం సయించదు, అది ఎవడి బండి మీదిదైనా సరే.

పని చెప్పింది డయాలసిస్ విభాగం హెడ్ నర్సు విజయ సిస్టర్. స్టాఫ్ నర్సులు, మిషన్లు చూసే టెక్నీషియన్లు ఆమె కింద పనిచేసేవారు. అసలు సంగతి ఆమే విడమరిచి చెప్పారు. కిడ్నీలు చెడినవాళ్లకు తాగిన నీరు బయటికి పోదు. వారానికి రెండు మూడుసార్లు మిషన్ మీద ఆ నీరు తీస్తారు. తీశాక ఉండే బరువును డ్రై వెయిట్ అంటారు. మధ్య రోజుల్లో ఎక్కువ తాగితే ఆ బరువు పెరుగుతుంది, హద్దు దాటితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. "కొలిచి తాగున్రి అంటె తల ఊపుతరు భాయ్. ఇంటికి పోయి చెంబెత్తుతరు. దూప గసొంటిది," అన్నారు సిస్టర్, దాహాన్ని తలచుకుని. ఎవరి పేరుతో వాళ్లకు గ్లాసు ఉంటే లెక్క తప్పదని ఆమె ఆలోచన. నాకూ బాగానే అనిపించింది.

చదును బోర్డు మీద అక్షరాలు అంటించడం ఎవరైనా చేస్తారు. గ్లాసు అలా కాదు. పైన వెడల్పు, కింద సన్నం. తిన్నటి పట్టీ కోసి దాని చుట్టూ చుడితే రెండు కొసలూ కలవవు, ఒకటి పైకి ఎక్కుతుంది, ఒకటి కిందికి జారుతుంది. కింది అంచు ముడతలు పడుతుంది. అందుకని ముందు గ్లాసుకు కాగితం చుట్టి, పై అంచు వెంటా కింది అంచు వెంటా పెన్సిల్ తిప్పి, కత్తిరించి బల్ల మీద పరుస్తాం. అప్పుడది విసనకర్ర ఆకారంలో వస్తుంది. ఆ వంపునే కంప్యూటర్‌లో ఎక్కించి, అక్షరాలను దాని మీద నిలబెట్టాలి. తెలుగుకు ఇంకో తిప్పలుంది. గ్లాసు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి కింది ఒత్తులన్నీ దగ్గరికి వచ్చి ఒకదాన్నొకటి రాసుకుంటాయి. నర్సయ్య, మల్లవ్వ లాంటి పేర్లకు ఒత్తుల్ని విడిగా పట్టుకుని సర్దేవాణ్ణి.

గీత సంగతి ఇంకా ముఖ్యం. సగం ఎత్తు అంటే సగం నీళ్లు కావు, గ్లాసు పై సగంలో ఎక్కువ పడతాయి. సిస్టర్ సూది లేని పెద్ద సిరంజీతో నీళ్లు కొలిచి పోశారు, నేను ఆ మట్టం దగ్గర గుర్తు పెట్టాను. అదే వంపులో ఎర్ర గీత కోశాను. గీత దాకా నింపి రోజుకు నాలుగుసార్లు తాగాలి. గ్లాసులన్నీ ఒకే కొలతవో కాదో చూడటానికి ఒకదానిలో ఒకటి దూర్చి చూశాను. అన్నీ ఒకే తీరుగా కూర్చున్నాయి.

గ్లాసులు నేనే తీసుకుపోయి ఇచ్చాను. అందరూ తిప్పి తిప్పి చూసుకున్నారు. తొగుట వైపు ఊరి నుంచి వచ్చే నర్సయ్య అనే పెద్దమనిషికి చదువు రాదు. వేలితో అక్షరాలను తడిమి, గిదేంది అని అడిగాడు. నీ పేరే పెద్దయ్యా అన్నాను, కాస్త గొప్పగానే. ఆయన గ్లాసును తువాలులో చుట్టుకున్నాడు. సంతోషమేమో అనుకున్నాను.

పది రోజులు గడిచాయి. ఒకనాడు ఎండ మండుతుండగా సిస్టర్ ఫోన్ చేశారు. "ఖాజా భాయ్, నర్సయ్యకు సీరియస్‌గున్నది. ఊపిరితిత్తులల్ల నీళ్లు చేరినయ్. గ్లాసు ఇంటికాడ ఉన్నదట, కొడుకు తేనీకి పోయిండు. మీరొక్కసారి రావాలె." అంతకన్నా ఏమీ అనలేదు. నేను షట్టర్ దించి బండి తీశాను.

కోమటి చెరువు పక్క నుంచి బండి నడుపుతుంటే ఒకటే ఆలోచన. నేను ఆ గ్లాసులు కొన్నప్పుడు, ఒక దొంతర అయిపోతే ఇంకో దొంతరలోంచి తీసి ఇచ్చాడు సామాన్ల దుకాణం అతను. ఆ రెండో దొంతర గ్లాసులు కూడా దూర్చి చూశానా? చూశాననే అనుకుంటున్నాను, కానీ ప్రమాణం చేయమంటే చేయలేను. అడుగు కొంచెం వెడల్పున్న గ్లాసు ఒక్కటి కలిసినా, అదే గీత దాకా పోసే నీళ్లు ఎక్కువవుతాయి. రోజుకు నాలుగుసార్లు, పది రోజులు. లెక్క వేయడానికి కూడా భయమేసింది.

నర్సయ్య మంచం మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందదు. మూతికి ఆక్సిజన్ మాస్క్, కళ్లు బయటికి పొడుచుకొచ్చాయి. ప్రతి ఊపిరికీ లోపల గురగురమని నీటి చప్పుడు. కోడలు స్వరూప వీపు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన వంతు ఆ రోజు కాకపోయినా టెక్నీషియన్ మిషన్ సిద్ధం చేస్తున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆ మనిషి చచ్చిపోతే చంపింది నా గీతే అనుకున్నాను. పోలీసులు వస్తారేమో అని కూడా అనుకున్నాను, దాచడమెందుకు.

గదిలో మిగతా కుర్చీల్లో వేరే రోగులున్నారు. వాళ్ల పక్కన నా గ్లాసులే ఉన్నాయి. సంగతి అప్పటికే పాకింది. ఒక టీచరమ్మ తన గ్లాసును దూరంగా జరిపి, నా వైపు చూసి, "మా గ్లాసులన్న మంచిగున్నయా భాయ్?" అని అడిగింది. ఒక్కటి తప్పయితే ఇంకెన్ని తప్పో ఎవరికి తెలుసు?

కొడుకు గ్లాసు తెచ్చాడు. సిస్టర్ కంటే ముందు నేనే అందుకుని బోర్లించాను. దుకాణం వాళ్ల కాగితపు స్టిక్కర్ అడుగున చెక్కుచెదరకుండా ఉంది. పేరు మీద ఒక్క గీరు కూడా లేదు. మన ఇళ్లలో గ్లాసును పీచుపెట్టి తోమితే నాలుగు రోజుల్లో వినైల్ మెరుపు పోతుంది. ఈ గ్లాసు ఒక్కసారి కూడా కడిగింది కాదు. సిస్టర్ సిరంజీ తెచ్చి కొలిచి పోశారు. నేను వంగి, కన్ను గీత మట్టానికి పెట్టి చూశాను. నీళ్లు సరిగ్గా ఎర్ర గీత దగ్గర ఆగాయి.

నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కనే ఆ మనిషి ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు, నేను మాత్రం గోడకు ఆనుకుని అల్లాకు షుక్రియా చెప్పుకున్నాను. వెంటనే సిగ్గేసింది కూడా. స్వరూప మెల్లగా అన్నది, "మామ దాన్ల తాగనే తాగలే సారూ. అల్మార్ల పెట్టిండు. చెంబుతోనే తాగుతుండు. ఎందుకట్ల అంటె మాట్లాడడు."

సాయంత్రానికి మిషన్ నీరు లాగింది. మర్నాడు ఆయనకు మాట వచ్చింది. సిస్టర్ కోప్పడకుండానే అడిగారు. నర్సయ్య పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"మా ఊరి హోటల్ల మాదిగోళ్లకు ఏరే గిలాసలుండె సిస్టరమ్మ. చూరుల చెక్కి పెడుతుండె. మేమే తీసుకోవాలె, తాగినంక మేమే కడిగి మల్ల గాడ్నే పెట్టాలె. మా నాయిన గట్లనే తాగిండు, నేను గట్లనే తాగిన. ఇప్పుడు మీరు పేరు రాసి మరీ ఇచ్చిన్రు. నా ఇంట్ల, నా మనుమల నడుమ, నాకే ఏరే గిలాసనా? ఎక్కువ తాగితె సస్తనని ఎరుకే. గని దాన్ల నోరు పెట్ట బుద్ధి కాలే."

సిస్టర్ స్టూలు మీద కూర్చుండిపోయారు. నాకు ముందురోజు భయం పోయి ఇంకో భయం పట్టుకుంది. కొలత తప్పయితే దిద్దవచ్చు. దీన్ని ఏం పెట్టి దిద్దాలి? ఈయన ఇంటికి పోతాడు, మళ్లీ చెంబెత్తుతాడు. ఎండలు ఇంకా చాలా ఉన్నాయి. ఈసారి సమయానికి ఆటో దొరకకపోతే?

దారి చూపింది స్వరూపే. రెండు రోజుల తర్వాత ఒక సంచీతో షాపుకు వచ్చి బల్ల మీద కుమ్మరించింది. నర్సయ్యదానితో సహా వాళ్ల ఇంట్లో ఉన్న గ్లాసులన్నీ అవే. పెళ్లిలో వచ్చినవి, జాతరలో కొన్నవి, సొట్టలు పడినవి, ఏ రెండూ ఒక తీరువి కావు. "అన్నిటికి గీత పెట్టుండ్రి భాయ్. ఒక్కదాని మీద గూడ పేరొద్దు. మామ ముంగట అందరం గీత దాకనే పోసుకుంటం." మరి మీకు దూప కాదా అని అడిగాను. "అయితది. ఇంటెనక తొట్టి కాడికి పోయి తాగొస్తం," అన్నది.

ప్రతి గ్లాసుకూ విడిగా కాగితం చుట్టి వంపు తీశాను. సిస్టర్ దగ్గరి నుంచి సిరంజీ అడిగి తెచ్చుకుని, ప్రతి దానిలో నీళ్లు పోసి మట్టం గుర్తు పెట్టాను. ఈసారి ఏదీ దూర్చి చూసి నమ్మలేదు. నర్సయ్య గ్లాసు మీది పేరును వేడి గాలి పట్టి ఊడదీశాను, మిగిలిన జిగురును పెట్రోలు గుడ్డతో తుడిచాను. అంత శ్రద్ధగా సర్దిన ఒత్తులు ఉండచుట్టుకుని చెత్తబుట్టలో పడ్డాయి. గ్లాసులన్నీ సంచీలో వేశాక, ఇది ఆయనదని చెప్పే రాత ఏదీ మిగల్లేదు.

తర్వాతి వంతు రోజు నేను షాపు వదిలి దవాఖానకు వెళ్లాను. నర్సయ్య చెప్పులు విడిచి తూకం మిషన్ ఎక్కుతుంటే పక్కనే నిలబడి అంకె చూశాను. బరువు పెరిగింది గానీ హద్దులోనే పెరిగింది. ఆ ఎండాకాలమంతా ప్రతి తూకం రోజూ నాకు అదే గుబులు, సిస్టర్‌కు ఫోన్ చేసి అడిగితే గాని పని మీద చేయి పడేది కాదు. ఆయన ఇంకో రెండు ఎండాకాలాలు బతికాడు. చివరికి గుండె ఆగి పోయాడు, నీళ్లు ఎక్కువై కాదని సిస్టర్ చెప్పారు. మిగతా రోగుల గ్లాసులను కూడా ఆమె వెనక్కి తెప్పించి, పేరు ఉండాలో వద్దో ఎవరికి వాళ్లను అడిగారు. టీచరమ్మ ఉంచుకుంది, కొందరు తీసేయమన్నారు.

వంపు, కొలత సరిగ్గా కుదిరితే పని అయిపోయినట్టేనని నేను అన్నేళ్లూ నమ్మాను. ఆ గ్లాసు మీద రెండూ సరిగ్గానే ఉన్నాయి, అయినా మనిషి చావు అంచు దాకా వెళ్లాడు. తర్వాత షాపు మూసేసే దాకా, రోగికో ముసలివాళ్లకో గ్లాసు మీద పేరు, గీత వేయమని ఎవరొచ్చినా, ఇంట్లో మిగతావాళ్ల గ్లాసుల మీద కూడా పేర్లున్నాయా అని ముందు అడిగేవాణ్ణి. నీకెందుకయ్యా అని కొందరు విసుక్కునేవారు. లేవంటే, గీత ఒక్కటే వేసి ఇచ్చేవాణ్ణి.