సల్ల కుండలో రాగి తీగ

మా పెరట్లో బీర తీగకు ఆ ఎండాకాలం బూడిద తెగులు పట్టింది. ఆకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి మచ్చలు. మనం తినే కాయలకు దుకాణం మందు ఎందుకు కొట్టాలని నా మొండితనం. పుల్లటి మజ్జిగలో రాగి తీగ వేసి పదిహేను రోజులు పులియబెట్టి, నీళ్లు కలిపి చల్లితే తెగులు తగ్గుతుందని ఎవరో చెప్పారు. ఇంట్లో చేసుకునేదే కదా, భయమేమిటి అనుకున్నాను. ఆ మాటకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మజ్జిగ పాడు చేస్తున్నానని అవ్వ అరుస్తుందని ఎవరికీ చెప్పలేదు. మా వైపు మజ్జిగను సల్ల అంటాం, అమ్మను అవ్వ, నాన్నను బాపు. కొత్త కుండ తెచ్చాక మూలన పడేసిన పాత సల్ల కుండలోనే అంతా కలిపాను. కరెంటు వైరు ఒలిచి తీసిన రాగి తీగను చుట్ట చుట్టి అందులో వేశాను. నీడ కావాలి కనుక మంచినీళ్ల బిందె పక్కన పెట్టాను.

బాపు పవర్‌లూమ్ నడిపేవాడు. ఏళ్ల తరబడి నూలు దుమ్ము పీల్చి ఆయన ముక్కుకు వాసన తెలియదు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఇంటికొచ్చాడు. అలవాటు కొద్దీ ఆ పాత కుండలో చెంబు ముంచాడు. మా ఇంట్లో చెంబు పెదవికి తగిలించం, పైకెత్తి గొంతులో పోసుకుంటాం. నాలుకకు రుచి తెలిసేసరికే సగం చెంబు లోపలికి పోయింది.

"గిదేం సల్లనే, చిలుం నాకినట్టున్నది" అన్నాడు. కాసేపటికే పచ్చగా వాంతులు. అప్పుడు గానీ ఆ కుండలో ఏముందో చెప్పలేదు.

కరీంనగర్ ఆసుపత్రిలో నర్సు అడిగింది, "ఏం మందు తాగిండు?" మగ్గాల మీద బతికే మనిషి మందు తాగాడంటే మా దగ్గర అర్థం ఒక్కటే, ప్రాణం తీసుకోబోయాడని.

"మందు కాదమ్మా, చెట్లకు చేసిన సల్ల. తెల్వక తాగిండు" అన్నాను.

ఆమె నమ్మలేదు. "ఎదిగిన బిడ్డను పెట్టుకొని గిట్లెందుకు చేసినవ్ కాకా?" అంది. నోట్లో గొట్టంతో బాపు కాదు కాదని తల ఊపుతూనే ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

బతికాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి, మళ్లీ మగ్గం ఎక్కలేదు. ఊరు మాత్రం ఆయన్ను చావబోయి బతికిన మనిషిగానే చూసింది. దోస్తులు వచ్చి "ఫికర్ చెయ్యకు, మేం లేమా" అని ఓదారిస్తే తల దించుకుని వినేవాడు. ఎంతమందికని చెబుతాడు?

ఆ మందు ఇప్పుడూ చేస్తాను. బాత్రూం వెనక ప్లాస్టిక్ డబ్బాలో, మూతకు ఎర్ర గుడ్డ కట్టి, అందులో ఏముందో ఇంటిల్లిపాదికీ చెప్పి. చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు. వారం దాకా కాయ కోయను. ఆ రోజు ఇవేవీ లేకున్నా, ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది.

నిన్న బాపుకు సల్ల ఇచ్చాను, ఉప్పేసి, ఉల్లిగడ్డ తరిగి. చెంబు అందుకుని లోపలికి చూశాడు.

"తాగచ్చునా, బిడ్డా?"

కోపంతో కాదు, అలవాటుగా అడిగాడు.

"తాగు బాపు" అన్నాను.

అయినా చెంబు పైకెత్తలేదు. పెదవికి తగిలించి, ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఆగి చూశాడు.