పెద్ద చేప ఎవరి పోగులో

ఎడారిలో గాలం వేసి చేపలు పట్టానంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. నేను చెప్పినవాటన్నిటిలో నమ్మదగ్గది అదొక్కటే. రాజుగారి పాడి పశువులు తాగే నీళ్లన్నీ నా చేతి మీదుగానే పోతాయని చెప్పాను, నమ్మారు. ఒక ఒంటెకు తెలుగు నేర్పాననీ, అది నలుగురిలో నన్ను "బావా" అని పిలిచి పరువు తీసిందనీ చెప్పాను, సగం మంది నమ్మారు. సౌదీలో అల్ ఖర్జ్ దగ్గర పాడుబడ్డ తోటలో ఒక కుంట ఉందనీ, శుక్రవారం వస్తే దాని గట్టున కూర్చుని మోచేతి పొడుగు చేపలు లాగేవాళ్లమనీ అనేసరికి మాత్రం "ఇగ సాలు తియ్" అని లేచిపోయారు.

మేం ముగ్గురం. బోరు మోటార్లు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో పని. నేను మెకానిక్‌ని. మామ గొలుసు కప్పీతో పైపులు పైకి లాగేవాడు. జగిత్యాల వైపు మనిషి, చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు, ఆ సంగతి రోజుకొకసారైనా మాకు గుర్తుచేసేవాడు. నాకు చుట్టమేమీ కాదు. క్యాంపులో నా పక్క మంచం, వయసులో పెద్ద, అందుకని మామ. మూడోవాడు భాయ్. హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన పికప్ డ్రైవరు, భార్యాపిల్లలతో అల్ ఖర్జ్ ఊళ్లోనే ఒక ఇరుకు ఇంట్లో ఉండేవాడు.

ఆ తోటలో పశుగ్రాసం పండించడం ఎప్పుడో మానేశారు. ఉన్న ఒక్క బోరు తుప్పు పట్టకుండా వారానికోసారి నడిపి చూసే పని మా కంపెనీకి మిగిలింది, అది మామ చేతిలో పడింది. మామ లెక్కలో మోటారు బాగుందని తేలాలంటే కుంట నిండాలి. అందుకే అది ఎన్నడూ ఎండలేదు. చేపలెలా వచ్చాయంటే నా దగ్గర మూడు కథలున్నాయి. గోదావరి పాయ ఒకటి సముద్రం కింద నుంచి వచ్చి ఇక్కడ తేలిందన్నది వాటిలో చిన్నది. అసలు సంగతి, ఎప్పుడో ఒక ఈజిప్టు పనివాడు నాచు తింటాయని బల్తీ పిల్లలు తెచ్చి వదిలాడట. బల్తీ అంటే మన జిలేబీ చేపే.

పైనుంచి చూస్తే ఏమీ లేదు. అంచుల్లో జమ్ము, నడుమ ఆకుపచ్చ నీళ్లు. అసలు కుంటంతా కింద ఉండేది. మేం దాన్ని కళ్లతో చూడలేదు, వేలితో చూశాం. గాలపు దారం తంగీసుకు బరువుగా మోటారు నట్టు కట్టి విసిరితే, అది దేనికి తగిలిందో చూపుడువేలికి తెలిసేది. టంగుమంటే మునిగిపోయిన పాత ఇనుప ట్యాంకు. గరగరమని గీరుకుంటే సిమెంటు మోరీ. మెత్తగా పట్టుకుని ఇక వదలకపోతే గట్టు విరిగి నీళ్లలో పడ్డ ఖర్జూరపు మొద్దులు, అక్కడ గాలం పోయినట్టే. నట్టు దిగుతూనే ఉందంటే బోరు నీళ్లు పడీ పడీ తవ్విన గుంత. ఎండాకాలం చేపలు గుంతలో దాక్కునేవి, చలికాలం ట్యాంకు పైన వెచ్చటి నీళ్లలోకి వచ్చేవి. పెద్దవి మాత్రం ఏ కాలమైనా మోరీ నోట్లోనే.

ఎర ఖుబూస్ రొట్టె ముద్ద. నీళ్లలోకి వేసే ముందు మామ దాని మీద ఉమ్మేవాడు.

"ఛీ మామా! నీ ఉమ్మి తిన్న చాపను నేను తినాల్నా?" అనేవాడు భాయ్.

"నీ బిర్యానీల ఏమేమి వడ్తదో నేనెన్నడన్న అడిగిన్నా?"

పట్టిన చేపల్ని గట్టు మీద మూడు పోగులు పెట్టేవాళ్లం. మా వైపు మేకను కోసినా చేపలు పట్టినా అదే పద్ధతి. ఒకడు వీపు తిప్పి నిలబడతాడు. ఇంకొకడు ఒక పోగు మీద వేలు పెట్టి "ఇది ఎవలికి?" అంటాడు. వీపు తిప్పినవాడు ఎవరి పేరు చెబితే అది వాళ్లది. మళ్లీ తగువు ఉండదు. మాలో వేలు పెట్టేది నేను, వీపు తిప్పేది మామ. వింతేమిటంటే పెద్ద చేప ఉన్న పోగు దాదాపు ప్రతిసారీ మామకే వచ్చేది. మామ ఎప్పుడూ సూర్యుడికి వీపు పెట్టి నిలబడేవాడు మరి. అసర్ నమాజు వేళ దాటితే నీడలు పొడుగవుతాయి. నా నీడ మామ పక్కనుంచి సాగి ఆయన ముందు ఇసుకలో పడేది. నేను ఎడమకు వంగానా కుడికి వంగానా అన్నది ఆయన తీరిగ్గా చూసి పేరు చెప్పేవాడు.

"చీటింగ్! మామా, నీడ చూస్తున్నవ్! కండ్లు మూస్కో!" అని భాయ్ అరిచేవాడు.

"మూసుకునే ఉన్న. నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకు, నీ మీద ఏస్కో!"

ఆ ఏళ్లలో కంపెనీలకు రంగులుండేవి. నితాఖత్ అంటే అదే. సౌదీవాళ్లను సరిపడా పనిలో పెట్టుకుంటే పచ్చ, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. మా కంపెనీలో ఉన్న ఒకే ఒక్క సౌదీ, మాకు వీసాలిచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ బామ్మర్ది. అతను ఎలా ఉంటాడో ఇప్పటికీ నాకు తెలియదు. రంగుల బాధ ఎలాగో ఈడుస్తుండగానే, పని చేసే పరదేశీ తలకింత అని సుంకం వచ్చింది. వచ్చి ఊరుకోలేదు, ఏటేటా పెరిగింది.

ఒక గురువారం కఫీల్ వర్క్‌షాపుకు ఖర్జూరాలు, కహ్వా కాఫీ పట్టుకుని వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ తేలేదు. చెడ్డవాడు కాదు, పిరికివాడు. వచ్చే ఏడాది ముగ్గురిలో ఇద్దరికే ఇఖామా పర్మిటు రుసుం కట్టగలననీ, ఒకరు ఖురూజ్ మీద వెళ్లిపోవాలనీ, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికి పోవాలనీ చెప్పాడు. ఎవరో తాను చెప్పలేడట. "మీరు అన్నదమ్ముల్లాంటివాళ్లు, మీరే తేల్చుకోండి" అన్నాడు. మేకల దగ్గరికి వచ్చి, ముందు ఎవరో మీరే మాట్లాడుకోండి అన్న కసాయిని నేను అప్పటివరకు ఏ కథలోనూ పెట్టలేదు. అంత అబద్ధం ఎవరూ నమ్మరని.

భాయ్ కూతురు పదో తరగతి. వసంతంలో పరీక్షలు. అతను పోతే అంతా పోవాలి. నాకు అంత మంచి కారణం లేదు, భయం ఉంది. రాజుగారి నీళ్లు చూసేవాడు ఊళ్లోకి దిగి బోరు మోటార్ల కోసం ఇంటింటికీ తిరిగితే నా కథలన్నీ ఒక్క రోజులో కూలిపోతాయి. మామకు ఏ కారణమూ లేదని మేమిద్దరం అనుకున్నాం. భార్య పోయింది, కొడుకులు చెరో దేశంలో ఉన్నారు. "నా ఇంటి తాళంచెవి ఎవలితాన ఉన్నదో గూడ నాకు తెల్వదు" అని నవ్వేవాడు. పోవడానికి అడ్డేమీ లేదని మేం అనుకున్నది, పోవడానికి చోటే లేదని అర్థం. అది మాకు తెలియక కాదు.

మర్నాడు శుక్రవారం, ఎప్పటిలాగే పికప్‌లో తోటకు పోయాం. కుంటలో చేపలు ఎన్నడూ లేనంతగా తగిలాయి. మామ గాలానికి మోరీ నోట్లోంచి ఒకటి వచ్చింది. చాటంత చేప. ఎంత పెద్దదో చెబుతూ నేను చేతులు చాచనక్కర్లేని చేప అదొక్కటే. మామూలుగా అయితే భాయ్ ఈల వేసేవాడు. ఆ రోజు వేయలేదు.

మూడు పోగులు పెట్టాం. పెద్దది నడిమి పోగులో.

"పెద్దది ఎవల పోగుల వడ్తె ఆడు ఇంటికి. సరేనా?" అన్నాడు మామ. మా జవాబు కోసం ఆగకుండా వెళ్లి, ఎప్పటి చోటనే, సూర్యుడికి వీపు పెట్టి నిలబడ్డాడు.

నా నీడ ఆయన పాదాల పక్కనుంచి పోయి ముందు ఇసుకలో పరుచుకుంది. నా వేలి నీడ కూడా విడిగా కనబడుతోంది. "మామా, కండ్లు మూస్కో" అన్న మాట కోసం చూశాను. భాయ్ తలవంచుకుని చిక్కుపడని తంగీసుకు చిక్కు తీస్తున్నాడు. నేనూ అనలేదు. నా నోరు ఒంటెకు తెలుగు నేర్పిన నోరు.

ఎడమ పోగు మీద వేలు పెట్టాను. "ఇది ఎవలికి?"

"భాయ్‌కి."

కుడి పోగు. "ఇది?"

"నీకు, అల్లుడా."

ఇక అడగడానికేమీ లేదు. వేలు వెనక్కి తీసుకున్నాను.

"అడుగవేందిరా? పద్ధతి పద్ధతే."

"ఇది ఎవలికి?"

"నాకే. పెద్దది నేనెన్నడన్న ఇడిసిపెట్టిన్నా?"

ఆ చేపను క్యాంపులో ముగ్గురం కలిసి తిన్నాం. ఉప్పెక్కువైందన్నాడు భాయ్. అవునన్నాం.

మామ వెళ్లిపోయాక ఏం మిగిలిందో చెబుతాను. ఆ తర్వాత కుటుంబాలకు కూడా తలకింత అని సుంకం పడింది. భాయ్ కూతురు పరీక్షలు రాయకుండానే తల్లితో, తమ్ముళ్లతో విమానమెక్కింది. భాయ్ ఇంకో కఫీల్‌ను వెతుక్కుని ఖఫ్జీ పోయాడు. వెళ్లేటప్పుడు నా మొహం చూడలేదు, నేనూ చూడలేదు. మామ ఇచ్చింది అన్నాళ్లకే ఒడిసిపోయింది. ఇచ్చినవాడికి కనీసం ఇచ్చానన్న తృప్తి ఉంటుంది. పుచ్చుకుని నిలబెట్టుకోలేనివాడికి ఏముంటుంది? ఒకసారి ఫోనులో ధైర్యం చేసి అడిగాను, ఆ రోజు నీడ చూశావా అని. "మబ్బు వట్టిండె గద రా, నీడ ఏడిది?" అన్నాడు. మబ్బు లేదు. అబద్ధాల సంగతి నాకు చెప్పాలా?

ఇంకో ఏడాదికి కఫీల్ మళ్లీ ఖర్జూరాలు తెచ్చాడు. నేను ముట్టుకోలేదు.

ఆఖరి శుక్రవారం ఒక టాక్సీ మాట్లాడుకుని తోటకు పోయాను. ఆసామి బోరు మోటారును ఎప్పుడో పీకి అమ్మేశాడు. కుంటలో చుక్క లేదు. ఇన్నేళ్లు వేలితో చూసినదంతా కళ్లకు కనబడుతోంది. లారీ ట్యాంకరంత ఉంటుందని నేను ప్రచారం చేసిన ట్యాంకు రెండు పీపాలంత కూడా లేదు. మోరీ రెండు పగిలిన పైపు ముక్కలు. గుంతలో మట్టి పెంకులు పెంకులుగా లేచింది. ఖర్జూరపు మొద్దుల నిండా మా తంగీసులు, వాటికి వేలాడుతూ తుప్పుపట్టిన నట్లు. చేపల్ని కుక్కలో కాకులో తినేసినట్టున్నాయి. పొలుసులు మాత్రం మెరుస్తున్నాయి.

అప్పుడే మామ ఫోను చేశాడు. ఊళ్లో ఒక ఫంక్షన్ హాలుకు కాపలా ఉంటున్నాడు. ఏ శుక్రవారం చేసినా మొదటి మాట ఒకటే.

"మోరీ కాడ తగుల్తున్నయారా?"

ఎండిన మోరీ మీదనే కూర్చుని ఉన్నాను. "తగులుడా? ఇయ్యాల ఒక్కటి వడ్డది మామా! నన్నే నీళ్లల్లకు గుంజింది. ఇగో, చెప్పులు గూడ తడిసినయ్."

మామ గట్టిగా నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. "ఒక్కనివే ఉంటివి, పోగులు వెట్టినవా?"

"వెట్టిన."

"పెద్దది ఎవలికి వచ్చింది?"

"నాకే మామా."

అవతల నవ్వు ఆగిపోయింది. వాళ్ల హాల్లో ఎవరో కుర్చీలు లాగుతున్న చప్పుడు వినబడింది.

"ఇంటికి ఇమానం ఎన్నడురా?" అన్నాడు.