రాగులు రాలని రైలు

నాకు కోపం తొందరగా వస్తుంది. బెంగళూరు హూడిలో అద్దెకు దిగిన రెండో వారంలోనే ఇంటి ఓనరుతో పోట్లాడదామని మేడ మెట్లెక్కిన మనిషిని. ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నాను. సాయంత్రం ఆఫీసు వాళ్ళతో కాల్‌లో ఉండగా నెత్తిమీద గరగరమని మోత మొదలైంది. మా వాటా పైన మేడ మీద ఉన్నది ఒక్కటే గది. మోత ఆ గదిలో గుండ్రంగా తిరుగుతోంది, ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది. "మీ ఇంట్లో పిండి రుబ్బుతున్నారా?" అని కాల్‌లో ఎవరో నవ్వారు. ఇక చూసుకోండి.

తలుపు తోసేసరికి గది నిండా బల్ల, బల్ల నిండా రైలు. పాత గోనెపట్టాలకు ప్లాస్టర్ పూసి చేసిన కొండలు, కొండకు సొరంగం, కర్టెన్ కొక్కేలు వంచి నిలబెట్టిన సిగ్నళ్ళు, ఒక స్టేషను. స్టేషను బోర్డు మీద ఊరి పేరు లేదు. బల్ల మూలన స్టూలు మీద మా ఓనరు కూర్చుని ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్ళు చిక్కపేటలో హార్డ్‌వేర్ షాపు నడిపి, ఇప్పుడు కొడుక్కి అప్పగించి ఇంటి పట్టున ఉంటున్నారు.

"రాప్పా, రా. చెప్పులు బయట ఇడిచి రా. దుమ్ము పడితే చక్రాలు జారతాయి" అన్నారు.

పోట్లాడటానికి వచ్చినవాణ్ణి చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. వాళ్ళది తాతల కాలం నుంచీ బెంగళూరే. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ, గుంటూరు నుంచి వచ్చిన నాకు మొదట్లో అందులో సగమే అందేది. ఆ రోజు అందింది మాత్రం బాగా గుర్తుంది. ఇంజను వెనక మూడో పెట్టెకు పైకప్పు లేదు. దాని నిండా అంచు దాకా రాగులు పోసి ఉన్నాయి. ఎందుకండీ అంటే, "బండి నడిపేవాడు ఎట్లాంటోడో సరుకు చెప్తాదప్పా. ఒక రౌండు తిరిగొచ్చేలోపల ఒక్క రాగి గింజ కింద పడకూడదు. పడితే ఆ పొద్దు నేను సరిగా నడపలా అని లెక్క" అన్నారు.

ఆ పాతరకం బొమ్మ రైళ్ళలో కిటుకు చిన్నదే. కరెంటు పట్టాల్లోనే పారుతుంది. పెంచితే ఇంజను జోరందుకుంటుంది, తగ్గిస్తే నెమ్మదిస్తుంది, ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే వెనక్కి నడుస్తుంది. ఆ పని చేసేది బల్ల మూలకు బిగించిన నల్ల పెట్టె, దాని మీద గుండ్రటి నాబ్. ఆయన ఆ నాబ్‌ను రెండు వేళ్ళతో తిప్పుతుంటే తిప్పుతున్నట్టే కనబడేది కాదు. రైలు ఎప్పుడు కదిలిందో తెలిసేది కాదు. సొరంగం దూరి, వంపు తిరిగి, వచ్చి స్టేషనులో నిలబడింది. కింద ఒక్క గింజ లేదు. నాకు అసూయ పుట్టింది. నా కారు వెనక సీట్లో కూర్చుని ఒలకకుండా కాఫీ తాగినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు.

ఆ తర్వాత రెండేళ్ళు ఆ మోత నాకు సాయంత్రమైందని చెప్పే గంటగా ఉండేది. అది ఆగిపోయిన సంగతి నేను గమనించడానికి కూడా నెలలు పట్టింది, సిగ్గుపడాల్సిన విషయమే. కింద వాటాలో ఉండే ఆయన భార్యను, ఆంటీని అడిగాను. ఆవిడ కొత్తిమీర తుంచుతూ తల ఎత్తకుండా చెప్పారు.

"చేతులు వణకతా ఉండాయి గదప్పా. మాత్రలు ఇచ్చినారు, తగ్గేది కాదంట. నాబ్ పట్టుకుంటే బండి ఎగిరెగిరి పడతాదని దుప్పటి కప్పేసినారు. ఆరు నెలలాయె మీదికి పోయి. తిండి కూడా జాస్తి తినేదిల్లా."

ఆ మాట విన్న దగ్గర్నుంచీ నన్ను ఒకటే పట్టుకుంది. ఆ మనిషి మళ్ళీ తన చేత్తో తన రైలు నడపాలి. నేను చేసేది సాఫ్ట్‌వేర్ పని. ఇంతమాత్రం చెయ్యలేనా అనుకున్నాను. ఆ పొగరు గురించి ముందే చెప్పేస్తే మంచిది.

మొదట అన్నిటినీ డిజిటల్ చేసేద్దాం అన్నాను. అంటే ప్రతి ఇంజను లోపలా ఒక చిప్పు పెట్టాలి. ఆయన తన దగ్గరున్న మూడు ఇంజన్లనూ దుప్పటి కిందికి ఇంకా లోపలికి జరిపారు. "కడుపు కోసేది ఒద్దప్పా. నలభై ఏండ్లుగా అవి నాకేమీ చెయ్యలా" అన్నారు. సరే, ఇంజన్ల జోలికి పోకుండానే పని జరిగే దారి ఉంది. అగ్గిపెట్టెంత వైఫై బోర్డు ఒకటి, పట్టాలకు వెళ్ళే కరెంటును పెంచి తగ్గించే బోర్డు ఇంకొకటి. నల్ల పెట్టె తీసేసి వాటిని బల్ల కింద బిగించాను. మా ఇంట్లో మూలన పడి ఉన్న టాబ్లెట్‌లో ఒక నిలువు గీత గీశాను. గీత మీద వేలు పైకి జరిపితే జోరు, కిందికి జరిపితే నెమ్మది. తీగ లేదు, నాబ్ లేదు. మూడు శనివారాలు పట్టింది.

ఆయన స్టూలు మీద కూర్చుని టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకున్నారు. ఆంటీ రాగులు పోశారు. వేలు అద్దం మీద ఆన్చగానే వణుకు మొదలైంది. వేలు కిందికీ పైకీ కొట్టుకుంటుంటే, అంతే నమ్మకంగా కరెంటూ కొట్టుకుంది, ఇంజను తుళ్ళింది, పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. నాబ్‌కైనా కాస్త బిగువు ఉండేది, అద్దానికి అదీ లేదు. రాగులు పట్టాల పొడుగునా చల్లినట్టు పడ్డాయి.

"బాగుండాది అప్పా, శానా బాగుండాది" అని టాబ్లెట్ నా చేతికిచ్చి ఆయన మెట్లు దిగి వెళ్ళిపోయారు.

రెండోసారి అసలు వేలితో పనే లేకుండా చేశాను. ఒక పెద్ద పచ్చ బటన్. ఎక్కడైనా ఒక్కసారి తాకితే చాలు. రైలు తనంతట తాను నెమ్మదిగా బయల్దేరి, ఒక రౌండు తిరిగి, తనంతట తాను స్టేషనులో ఆగుతుంది. ఒక్క గింజ పడలేదు. నేను చప్పట్లు కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆయన రైలు ఆగేదాకా చూసి, "బాగా పోతా ఉండాది. అయితే నేనిక్కడ ఎందుకప్పా?" అన్నారు.

నాకు కోపం వచ్చింది. శనివారాలన్నీ పోయాయి, సెలవు పూట మా ఆవిడ చేత చివాట్లు తిన్నాను. "బాగుంది బాగుంది అంటే నాకేం తెలుస్తుంది అంకుల్? ఏం కావాలో సరిగ్గా చెప్పండి" అని కసిరాను. పెద్దాయన్ని అలా కసరడం తప్పే. కానీ ఆయన నొచ్చుకోలేదు. కొంచెంసేపు తన చేతుల కేసి చూసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తారు.

"మా షాపు ముందర తోపుడు బండ్లు పోతా ఉంటాయి, చూసినావా? ఖాళీ బండి చూడు, చిన్న రాయి తగిలినా ఎగురుతాది. అదే బండిలో ఇనప సామాను ఏస్తే? తోసేవాడు తాగినోడైనా, కాలు కుంటైనా, బండి మాత్రం నెమ్మదిగానే పోతాది. వాని చెయ్యి వణికేది దానికి తెలీదు. నిలపాలంటే మాత్రం వాడు పది అడుగుల ముందే చూసుకోవాల. నీ బండిలో బరువు లేదప్పా. బరువు పెట్టు."

నేను ఆయన వేలిని సరిచెయ్యాలని చూశాను. ఆయన రైలును సరిచెయ్యమంటున్నారు. చిక్కపేట సందులో గల్లా ముందు కూర్చుని నలభై ఏళ్ళు బండ్లను చూసినవాడికి తోచింది, కంప్యూటరు చదువు చదివిన నాకు తోచలేదు. ఆ మనిషి అంటే నాకు గౌరవం ఎప్పుడూ ఉంది గానీ, ఆ సాయంత్రం దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ బరువును ప్రోగ్రాములో లెక్కగా రాయడం గంట పని. వేలు ఎంత జోరు అడిగితే రైలు అంత జోరూ అందుకుంటుంది, కానీ వెంటనే కాదు. నిజంగానే టన్నుల కొద్దీ సరుకు లాగుతున్నట్టు మెల్లగా ఆ వేగానికి చేరుతుంది, మెల్లగానే తగ్గుతుంది. వేలు అటూ ఇటూ కొట్టుకునేలోపు ఆ బరువు ఎటూ కదలదు. ఆయన ఎదురుగానే కూర్చుని రాశాను. ఒకసారి తిప్పి చూసి "ఇంకా బరువు" అన్నారు. పెంచాను. "ఇంకా." పెంచాను. మూడోసారి "సాకు" అన్నారు, కన్నడంలో ఇక చాలని.

ఆంటీ మళ్ళీ రాగులు పోశారు, అంచు దాకా. ఆయన టాబ్లెట్‌ను ఎడమ చేత్తో గుండెలకు ఆనించుకుని కుడి వేలు పెట్టారు. వేలు వణుకుతోంది. గీత మీది చుక్క వణుకుతోంది. రైలు మాత్రం నిలబడే ఉంది, ఇంకా నిలబడే ఉంది, ఎప్పుడు కదిలిందో నేను పట్టుకోలేకపోయాను.

ఆయన స్టూలు మీంచి లేచారు. నాబ్ బల్ల మూలకు బిగించి ఉన్నన్నాళ్ళూ ఆయన బండి నడుపుతూ ఆ మూల దాటి ఎరగరు. ఇప్పుడు తీగ లేదు కదా. టాబ్లెట్‌తో పాటు బల్ల చుట్టూ నడిచి, సొరంగం అవతలి కొసకు వెళ్ళి వంగి నిలబడ్డారు. చీకట్లోంచి ఇంజను దీపం ఆయన ముఖం మీదికి వచ్చింది.

"ఇన్నేండ్లలో సొరంగంలోనుంచి నా బండి నాకు ఎదురుగా రావడం ఇదే మొదులు. నేను నడిపినప్పుడంతా ఈడ నాకు దాని వీపే కనిపిస్తా ఉండె" అన్నారు. ఆయన కళ్ళు తుడుచుకోలేదు, రెండు చేతులూ టాబ్లెట్‌కే సరిపోయాయి. నేనే పక్కకు తిరిగి తుడుచుకున్నాను.

స్టేషను ఇంకా మూరెడు దూరం ఉండగానే వేలు కిందికి దించారు. తొందరపడ్డారు, మధ్యలోనే ఆగిపోతుంది అనుకున్నాను. రైలు జారుతూ జారుతూ వచ్చి, ఇంజను స్టేషను బోర్డు పక్కన సరిగ్గా నిలిచింది. ఆంటీ వంగి పట్టాల వెంబడి వెతికారు. గింజ లేదు.

అప్పుడు టాబ్లెట్ నా చేతికిచ్చి నడపమన్నారు. ఆ బరువు రాసింది నేనే, ఆ అంకెలన్నీ నాకు నోటికి వచ్చు. దర్జాగా నడిపాను. స్టేషను దగ్గరికి వచ్చాకే తగ్గించాను. రైలు స్టేషనుకు దణ్ణం కూడా పెట్టకుండా దాటిపోయింది. కంగారుపడి వేలు పూర్తిగా కిందికి లాగేశాను. అదేమో ఆగీ ఆగకుండా పోయి, వంపులో పట్టాలు తప్పి కొండను గుద్దుకుంది. పెట్టె బోర్లా పడింది, రాగులన్నీ బల్ల మీద.

ఆయన పడీ పడీ నవ్వారు. ఇన్ని నెలలకు ఆ నవ్వు మళ్ళీ విన్నానని ఆంటీ తర్వాత చెప్పారు.

"రాసేది నీకు వచ్చునప్పా. నడిపేది నేను నేర్పిస్తా. రేపు సాయంత్రం రా."

మిగతా రైలును పట్టాలెక్కించి, గింజలన్నీ ఏరి పెట్టెలో పోశాను. ఇక నుంచి పెట్టె తానే పెడతానని ఆయన దాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆ చేతిలో ఉన్నంతసేపూ రాగులు రాలుతూనే ఉన్నాయి, నేల మీదా, ఆయన పాదాల మీదా. ఆంటీ గానీ నేను గానీ చెయ్యి అడ్డం పెట్టలేదు. పెట్టెను పట్టాల మీద కూర్చోబెట్టి, కొక్కెం తగిలించి, వేలు అద్దం మీద ఆన్చారు. రైలు మళ్ళీ ఒక రౌండు తిరిగి వచ్చింది, ఒక్కటీ రాలలేదు.