వతాషి వా, వతాషి గా

రాజమండ్రిలో భీమవరం రైలెక్కాక, నా చేతిలోని జపనీస్ పుస్తకం చూసి పక్కసీటావిడ పలకరించింది. పేరు సుజాత, భీమవరంలో నర్సు. నాది అనంతపురమనీ, జపనీస్ నేర్పుతాననీ చెప్పాను.

"ఒక్క మాట అడగొచ్చాండి?" అంది. రొయ్యల వ్యాపారం పని మీద వచ్చిన జపాన్ పెద్దాయన ఒకరు గుండెనొప్పితో వాళ్ల ఆసుపత్రిలో చేరారట. అక్కడ ఆ భాష కాస్తో కూస్తో నేర్చుకుంటున్నది ఈవిడొక్కతే. ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే, ‘నా దగ్గర ఎవరుంటారు?’ అని ఆయన అడిగారట.

"నేనుంటానని చెప్పడానికి ‘వతాషి వా ఇమాస్’ అన్నానండి. ఆయన ఇంకెవరికోసమో అటూ ఇటూ చూశారు. తప్పు చెప్పానాండి?"

ఎవరని అడిగినప్పుడు ‘వతాషి గా’ అనాలి. ‘వా’ అంటే, నేనైతే ఉంటాను, మిగతావాళ్ల సంగతి తెలీదు అన్నట్టు వినిపిస్తుంది. అదే చెప్పాను.

"అంటే ‘గా’ అన్నది మన ‘నేనే ఉంటాను’ లాంటిదాండీ!" అని ఆశ్చర్యపోయి, అంతలోనే కళ్లు తుడుచుకుంది. ఆయన ఆపరేషన్ బల్ల మీదే పోయారట.

"ఆయనకి అర్థమయ్యే ఉంటుందండి," అన్నాను.

"అయ్యే ఉంటుందండి. చెయ్యి కూడా పట్టుకున్నాను. కానీ ‘నేనే’ అని చెప్పుంటే బాగుండేదండి."