ఫ్యాను ఆపిన వేసవి

ఎనభైల నడుమ తిరుపతిలో మా పత్రిక ఆఫీసులో సీసపు అక్షరాలు పోయి ఫొటో కంపోజింగ్ వచ్చింది. అప్పుడు నేను జిల్లా డెస్కుకు ఇన్‌ఛార్జిని. అదేదో పెద్ద హోదా అనుకునేరు. కిందివాళ్ళ తరఫున పైవాళ్ళ చేత, పైవాళ్ళ తరఫున కిందివాళ్ళ చేత మాటలు పడటం, మధ్యలో సందు దొరికితే టీ తాగడం, అదీ ఉద్యోగం. ఆ ఎండాకాలం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది.

అంతకుముందు పేజీ కట్టేది కంపోజింగ్ ఫోర్‌మన్. సబెడిటరు బల్లకు ఇవతల నిలబడి పెన్సిలుతో చూపించాలి. ఈ వార్త పైన, ఆ వార్త కింద, ఇక్కడ రెండు లైన్లు తీసెయ్. అంతవరకే. సీసాన్ని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఫోర్‌మన్ పని ఉన్నపళంగా వదిలేసి బయటికి వెళ్ళి బీడీ ముట్టించేవాడు. ఎక్కడా రాసి లేదు గానీ అందరూ పాటించిన కట్టుబాటు అది. అలా చూపించీ చూపించీ మావాళ్ళ తలలు నెరిసిపోయాయి. కొత్త పద్ధతిలో వార్త పొడుగాటి ఫొటో కాగితం మీద దిగి వస్తుంది. దాన్ని బ్లేడుతో కోసి, జిగురు రాసి, పేజీ షీటు మీద అతికించాలి. ఎవరి పేజీ వాళ్ళే అతికించుకోవాలి, సబెడిటర్లయినా సరే, అని పైనుంచి ఆర్డరు వచ్చింది.

నాకు ముందుగా హైదరాబాదులో శిక్షణ ఇచ్చారు. టై కట్టుకున్న ఒకాయన నల్లబల్ల మీద బాణాలు గీసి, సిబ్బందిని మార్పుకు ఎలా సిద్ధం చేయాలో చెప్పాడు. బ్లేడు మాత్రం ఆయన చేత్తో ముట్టుకోలేదు. భోజనాల దగ్గర కోస్తా ఎడిషన్ ఇన్‌ఛార్జి ఒకాయన మజ్జిగ పోసుకుంటూ, "ఇవన్నీ మనకెందుకండీ. మీరు చెయ్యని పని వాళ్ళచేత చేయించలేరు, అంతే" అన్నాడు. అన్నం తిన్నందుకు ఆ ఒక్క మాటైనా దక్కింది.

తిరిగి వచ్చాక అసలు గొడవ ఫ్యానుతో మొదలైంది. మే నెల తిరుపతి, పైన రేకుల కప్పు. ఫ్యాను వేస్తే కోసిపెట్టుకున్న ముక్కలు ఎగిరిపోతాయి. వెయ్యకపోతే చెమట చుక్కలు పేజీ మీద పడతాయి. ఒకరు వేస్తారు, ఇంకొకరు ఆపుతారు. ఒకరోజు పూతలపట్టులో పశువుల వైద్య శిబిరం వార్త చివరి ముక్క ఎగిరి కింద పడింది. మా కుర్ర సబెడిటరు దాన్ని తీసి, పక్కనున్న నగరి నేతపనివాళ్ళ వార్తకు తోకగా అతికించాడు. మర్నాటి పేపర్లో, నూలు ధర తగ్గించాలని నేతపనివాళ్ళు కలెక్టరుకు వినతిపత్రం ఇచ్చారు, "అనంతరం వాటికి ఉచితంగా నట్టల మందు తాగించారు" అని వచ్చింది.

నగరి నుంచి ఒక పెద్దమనిషి పేపరు పట్టుకొని బస్సెక్కి వచ్చాడు. అరవలేదు. కుర్చీలో కూర్చుని, "ఏం సార్, మేమేమన్నా గొర్రెలమా?" అని మాత్రం అడిగాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయనకు కాఫీ తెప్పించి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి పేజీ అతికించేటప్పుడు ఫ్యాను ఆపాల్సిందేనని నేనే ఆర్డరు వేశాను. దాంతో డెస్కు మొత్తానికి శత్రువునయ్యాను.

వాళ్ళందరికీ అండ మా పెద్దాయన, డెస్కులో అందరికన్నా సీనియర్ సబెడిటరు. చంద్రగిరి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. నాకంటే చాలా పెద్ద, నేను అన్నా అని పిలిచేవాణ్ణి. వార్తను ఆయన దిద్దితే మళ్ళీ చూడక్కర్లేదు. కానీ బ్లేడు ఎత్తలేదు. "నేను రాసేవాణ్ణప్పా. జిగురు పూసే పని నాది గాదు" అన్నాడు. ఆయన పట్టకపోతే మేమెందుకు పట్టాలని సణుగుతూనే మిగతావాళ్ళు ఎలాగో అతికించేవాళ్ళు. మేనేజరు నన్ను పిలిచి, నెలాఖరుకు దారికి రాకపోతే పెద్దాయన్ని దూరపు ఎడిషన్‌కు ప్రూఫులు చూడ్డానికి పంపిస్తామన్నాడు. ఆయన వెళ్ళడని, రాజీనామా చేస్తాడని ఇద్దరికీ తెలుసు. నాకైతే ఆయన మీద ఒళ్ళుమండిపోయింది. ఇంత చదువుకున్న మనిషికి ఇంత పొగరెందుకని.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయారు. నేను తొందరగా తిరిగి వచ్చేసరికి పెద్దాయన ఒక్కడే పారేసిన కాగితం ముక్క ముందు పెట్టుకొని బ్లేడుతో కోస్తున్నాడు. చెయ్యి వణుకుతోంది. బ్లేడు జారి కోత ఏటవాలుగా పోయింది. నన్ను చూసి దాచబోయి, మళ్ళీ మానుకున్నాడు.

"సూసినావు గదా" అన్నాడు. "రాసేటప్పుడు మోచెయ్యి బల్లకు ఆనిస్తే తెలీదు. ఇది పట్టుకుంటే నిలవదు. యాడికి పోయేదప్పా నేను ఈ వయసులో? ఎవురికీ సెప్పొద్దు."

అన్నాళ్ళూ నేను పొగరనుకున్నది భయమన్నమాట. మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

ఆ సాయంత్రమే మేనేజరు దగ్గరికి వెళ్ళాను. వణుకు సంగతి చెప్పలేదు. పెద్దాయన పాత పద్ధతిలో చూపిస్తాడు, నేను అతికిస్తాను, అన్నాను.

"మరి నీ పని?"

"అదీ చేస్తాను సార్."

ఆయన నుదురు రుద్దుకున్నాడు. ఆయనకూ పైనుంచి ఫోన్లు. "సరే. కానీ ఆయన చేతిలో పేజీ చెడిపోయిందని ఒక్కసారి విన్నా నేను ఆపలేను" అన్నాడు.

ఇక రోజూ నా పేజీలు, ఆయన పేజీ. ఆయన పెన్సిలు ఆనించిన చోట నేను కోసేవాణ్ణి. చొక్కా వీపుకు అంటుకుపోయేది, వేళ్ళకు ఎండిన జిగురు అన్నంలోకి రాలేది. కొన్నాళ్ళకు మిగతావాళ్ళ సణుగుడు తగ్గింది. ఇన్‌ఛార్జే కోస్తుంటే మనదేముందిలే అనుకున్నారేమో, ఒక్కొక్కరే మనసుపెట్టి బ్లేడు పట్టారు. గెలిచానని సంబరపడే ఓపిక నాకు లేదు.

నెలాఖరు దగ్గర పడింది. ఒక సాయంత్రం అయిదో పేజీ ముందు నిలబడితే నాకు కళ్ళు తిరిగాయి. పెద్దాయన నా భుజం పట్టి కుర్చీలో కూర్చోబెట్టాడు. "బ్లేడు ఇట్లియ్యి. పొద్దన్నించి నిలబడే ఉండావు" అన్నాడు. వద్దనే లోపలే మోచెయ్యి బల్లకు ఆనించి కోసి, అతికించేశాడు. కాణిపాకంలో యాత్రికుల నీళ్ళ ఇక్కట్ల మీద వార్త, మొత్తం ఏటవాలుగా కూర్చుంది. పీకి మళ్ళీ అతికించడానికి టైముంది. ఆయన నా ముఖం వైపు చూస్తున్నాడు. బాగుంది అన్నా, పంపిద్దాం, అన్నాను.

మర్నాడు మేనేజరు పేపరు పట్టుకొని నేరుగా డెస్కు దగ్గరికే వచ్చాడు. "ఎవరయ్యా ఈ అయిదో పేజీ అతికించింది?"

డెస్కంతా తలలు వంచుకుంది. నిన్న పెద్దాయన అతికించడం చూసినవాళ్ళు నలుగురూ అక్కడే ఉన్నారు.

"నేనే సార్. నిన్న ఒంట్లో బాగాలేదు" అన్నాను.

"ఇన్‌ఛార్జివి, నువ్వే ఇట్లా చేస్తే ఎట్లా" అని ఇంకో నాలుగు మాటలు అని వెళ్ళిపోయాడు. పెద్దాయన నా ముందున్న బ్లేడు తీసుకున్నాడు.

"ఈ పొద్దు కూడా నేనే కోస్తా. నువ్వు సూపిస్తే సాలు."

"సరే అన్నా" అన్నాను. వద్దంటే ఆయన ఇక బ్లేడు ముట్టడు. మళ్ళీ వంకరగానే వస్తుందని మా ఇద్దరికీ తెలుసు. రేపు మేనేజరుకు ఏం చెప్పాలా అని అప్పటినుంచే ఆలోచించడం మొదలుపెట్టాను.